మెట్ల కింద లెక్కల బడి

పోయిన నెలలో మా పాత బడిలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఇరవై నాలుగో ఇరవై అయిదో ఉంటాయి. చేతిలో కొత్త డైరీ, కళ్లనిండా బెరుకు. “బాయి, రెండో తరగతి పిల్లలకు డబ్బుల పాఠం మీలాగ ఎవరూ చెప్పలేదంట కదా. ఎట్ల చెప్పాలో నాకు కొంచెం చెప్పరా?” అని అడిగింది. ముంబైలో బడి పంతులమ్మను బాయి అంటారు. ముప్పై ఒక్క ఏళ్లు అందరూ నన్ను అలాగే పిలిచారు. ఇప్పుడెవరైనా సుగుణా అని పిలిస్తే నన్ను కాదేమో అనుకుని వెళ్లిపోతాను.

ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, గంటసేపు చెప్పాను. ఒక్క ముక్క వదలకుండా రాసుకుంది. వెళ్తూ కాళ్లకు దండం కూడా పెట్టింది. తలుపు వేశాక నాకు కుదురు లేకుండా పోయింది. ఆ గంటలో నేను చెప్పిన మంచి మాటల్లో ఒక్కటీ నాది కాదు. అన్నీ మా చాల్‌లోనే, అంటే మేముండే వరస గదుల పాత భవనంలోనే, నా నెత్తి మీది అంతస్తులో ఉండే బాలమ్మవి. ఆ పేరు మాత్రం నా నోటి నుంచి రాలేదు. నేను రిటైరై మూడేళ్లయింది కానీ ఆమె మీద నా కుళ్లు ఇంకా రిటైరు కాలేదు.

అందుకే కొత్తగా చేరే టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు, సర్వీసు పుస్తకం గొడవలు ఇందులో ఉండవు. వాటితో మీకు పనిలేదు. చిన్న పిల్లలకు డబ్బు గురించి చెప్పే పనిలో నేను చేసిన తప్పులు, ఒక మనిషికి చేసిన అన్యాయం రాస్తాను. చదివాక నా మీద గౌరవం తగ్గితే తగ్గనీయండి, పాఠం మాత్రం పట్టుకోండి.

అట్టముక్కల రూపాయలు

మా తాత పాలమూరు నుంచి బొంబాయికి భవనాలు కట్టే పనికి వచ్చాడు. మా నాన్న గ్రాంట్ రోడ్‌లో ఒక దుకాణంలో గుమాస్తా. నేను కామాఠిపుర తెలుగు బడిలోనే చదువుకుని, మళ్లీ ఆ బడికే టీచరుగా వచ్చాను. నా తరగతిలో సగం మంది మాలాగ మూడు తరాలుగా ఇక్కడే ఉన్న ఇళ్ల పిల్లలు. మిగతా సగం మంది అమ్మానాన్నలు ఈ మధ్యనే మహబూబ్‌నగర్ నుంచి వచ్చి, పొద్దున్నే నాకా మీద, అంటే కూలీల అడ్డా మీద, పని కోసం నిలబడేవాళ్లు.

రెండో తరగతి లెక్కల పుస్తకంలో డబ్బుల పాఠం ఉంటుంది. నాణేల బొమ్మలు, నోట్ల బొమ్మలు, కింద ఖాళీలు. చేరిన కొత్త నుంచీ అది చాలా తేలిక పాఠమనుకున్నాను. ఒక ఏడాది మొదట్లో, పాత పెళ్లి పత్రికలు గుండ్రంగా కత్తిరించి, వాటి మీద ఒకటి, రెండు, ఐదు, పది అని రాసి, పిల్లలకు పంచాను. తరగతిలో అంగడి పెట్టాను. చాక్‌పీసు ముక్క రెండు రూపాయలు, రబ్బరు మూడు రూపాయలు. పిల్లలు కొన్నారు, అమ్మారు, చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఇంటికి ఎగురుకుంటూ వెళ్లాను.

మర్నాడు నర్సింహ అనే పిల్లవాడు లేచి నిలబడి, నేనిచ్చిన అట్ట ఐదు రూపాయలు చూపించాడు.

“బాయి, దీనికి అవ్వ చిక్కీ ఇయ్యలేదు.”

“ఏ అవ్వరా?”

“మెట్ల కింది బాలమ్మవ్వ. ఇది మీ బాయికే చెల్లుతది బిడ్డా, పోయి మీ బాయికాడ్నే కొనుక్కో అన్నది.”

తరగతి తరగతంతా నవ్వింది. నేనూ నవ్వినట్టు ముఖం పెట్టాను గానీ లోపల ఒళ్లు మండిపోయింది. ఎవరీ ముసలామె, నా పాఠాన్ని ఒక్క మాటతో పనికిరాకుండా చేసింది అనుకున్నాను. ఎవరో నాకు తెలియక కాదు. నేనుండే చాల్ మెట్ల కిందే కూర్చుంటుంది.

మెట్ల కింద

బాలమ్మ నాకంటే పదేళ్లు పెద్ద. పెళ్లయిన ఏడాదే మొగుడితో పాటు ఇటుకలు మోయడానికి వచ్చింది. మోకాలు పాడై తట్ట మోయలేని స్థితి వచ్చాక మా చాల్ కింద, మెట్లు మలుపు తిరిగే చోట, ఒక చెక్క బల్ల వేసుకుంది. దాని మీద నాలుగు గాజు సీసాలు. చిక్కీ, చింతపండు గోళీలు, రేగుపళ్ల పొడి, పిప్పరమెంట్లు. పక్కన పెన్సిళ్లు, రబ్బర్లు, అగ్గిపెట్టెలు. ఒక్క అక్షరం రాదు. సంతకం కావాలంటే వేలిముద్రే.

బడి వదిలాక నా పిల్లలు నా ముందు నుంచే పరుగెత్తి ఆ బల్ల చుట్టూ మూగేవాళ్లు. నేను పైకి వెళ్లాలంటే వాళ్లను తప్పించుకుని వెళ్లాలి. అలా రోజూ నిలబడి చూడాల్సి వచ్చింది. ఆమె దగ్గర కొనడానికి ఒక పద్ధతి ఉండేది. పిల్ల డబ్బులు ఇవ్వగానే సరుకు ఇచ్చేది కాదు. “నాకెంత ఇచ్చినవ్? నేను నీకెంత ఇయ్యాలె?” అని అడిగేది. పిల్ల చెప్పేదాకా సీసా మూత తీసేది కాదు. వెనక ఎంతమంది తోసుకుంటున్నా సరే, తొందరపడేది కాదు.

చిల్లర ఇచ్చేటప్పుడు తీసివేత చేసేది కాదు. ఏడు రూపాయల సరుకుకు పది ఇస్తే, సరుకు పిల్ల అరచేతిలో పెట్టి, “ఇది ఏడు” అనేది. దాని మీద ఒక్కో నాణెం పెడుతూ “ఎనిమిది, తొమ్మిది, పది. నువ్విచ్చిన పది మళ్ల నీ చేతిలకు వచ్చిందా? వస్తే పో, రాకుంటే కొట్లాడు” అనేది. పిల్లలు కొట్లాడేవాళ్లు కూడా. ఆరేళ్ల పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకుని లెక్క అడుగుతుంటే బాలమ్మ ముఖం వెలిగిపోయేది.

నేను బల్ల మీద కర్రతో కొట్టి నేర్పించాలనుకున్నది ఆమె చింతపండు గోళీతో నేర్పిస్తోంది. అప్పటికి నేను ఉద్యోగంలో పదిహేనేళ్లు దాటిన దాన్ని. ట్రైనింగులు తీసుకున్నదాన్ని.  మా ఆయన కూడా అగ్గిపెట్టె ఆమె దగ్గరే కొని, నాతో మాత్రం ఫాక్‌లాండ్ రోడ్‌లో కొన్నానని చెప్పేవాడు. నా సంగతి ఆయనకు అంత బాగా తెలుసు.

ఉంచుకో

అప్పుడప్పుడు నేనూ ఆమె దగ్గర కొనక తప్పేది కాదు. కొన్నప్పుడు ఒక పని చేసేదాన్ని. ఇరవై నోటు బల్ల మీద పడేసి, పద్నాలుగు రూపాయల సరుకు తీసుకుని, ఆమె నోరు తెరిచి అడిగేలోపే “చిల్లర ఉంచుకో” అని మెట్లెక్కేసేదాన్ని. ఎందుకంటే ఆమె ప్రశ్న నన్ను కూడా అడుగుతుందని తెలుసు. “నేనెంత ఇయ్యాలె బాయి?” అని పిల్లల ముందు నాతో లెక్క చెప్పిస్తుంది. అది జరగనిచ్చేదాన్నా? పైగా ఉంచుకో అన్నప్పుడు నేను రెండు మెట్లు పైనున్నట్టు ఉండేది. నిజంగానే రెండు మెట్లు పైన నిలబడి అనేదాన్ని.

మొదటిసారి ఆమె “బాయి, బాయి, ఆగు” అని వెనక నుంచి పిలిచింది. నేను ఆగలేదు. తర్వాత పిలవడం మానేసింది. నేను మాత్రం ఉంచుకో అనడం మానలేదు.

తప్పు గుర్తులు

ఇక తరగతిలో నేను చేసిన తప్పు చెప్తాను. ఇది మీరు కూడా చేస్తారు, అందుకని జాగ్రత్త.

యాభై రూపాయలిచ్చి ముప్పై రెండు రూపాయల వస్తువు కొంటే ఎంత మిగులుతుంది? మా పుస్తకం ప్రకారం పిల్లలు నిలువుగా వేసి, సున్నాలోంచి రెండు పోదు కాబట్టి పక్కనున్న ఐదు దగ్గర ఒక పది అప్పు తెచ్చుకుని తీసివేయాలి. నా పిల్లలు అప్పు తెచ్చుకునేవాళ్లు కాదు. పలక మీద ముప్పై రెండు పక్కన మూడు, ఐదు, పది అని రాసి, కింద పద్దెనిమిది అని వేసేవాళ్లు. ముప్పై రెండుకు మూడు కలిపితే ముప్పై ఐదు, ఐదు కలిపితే నలభై, పది కలిపితే యాభై. జవాబు సరైనదే. బాలమ్మ చిల్లర లెక్క.

నేను ఎర్ర పెన్నుతో తప్పు కొట్టేదాన్ని. జవాబు సరిగ్గా ఉన్నా పద్ధతి తప్పని కొట్టేదాన్ని. మనసులో మాట చెప్పాలంటే ఆ పద్ధతిలో నాకు బాలమ్మ ముఖం కనిపించేది. ఒకసారి రేణుక అనే ఏడేళ్ల పిల్ల అడిగింది, “బాయి, పద్దెనిమిది కరెక్టే కదా, మరి తప్పెందుకు?” అని. “నేను చెప్పినట్టు చెయ్యలేదు కాబట్టి” అన్నాను. పిల్లకు ఇంతకంటే పనికిమాలిన జవాబు ఏ టీచరూ ఇచ్చి ఉండదు.

ఆ ఏడాది పైనుంచి తనిఖీకి ఒక మరాఠీ సారు వచ్చాడు. మా పెద్దసారు, అంటే హెడ్మాస్టరు, ముందే వణికిపోతున్నాడు. ఆ సారు నా తరగతికి వచ్చి, జేబులోంచి నిజం యాభై నోటు తీసి, “ముప్పై రెండు రూపాయల సామాను కొన్నాను, నాకెంత తిరిగి రావాలి?” అని హిందీలో అడిగాడు. ముప్పై చేతులు లేచాయి. రేణుక లేచి, వేళ్ల మీద మూడు, ఐదు, పది అంటూ చిల్లర లెక్కపెట్టి పద్దెనిమిది అన్నది. ఇంకో నాలుగు లెక్కలు అడిగాడు. నాలుగూ చెప్పారు. ఆయన ముఖం విప్పారింది.

“బాయి, ఇది పుస్తకంలో లేదే. ఈ పద్ధతి మీరే తయారుచేశారా?” అన్నాడు.

రెండు క్షణాలు ఆగాను. ఆ రెండు క్షణాలు నాకు ఇప్పటికీ గుర్తే. తర్వాత, “హోయ్ సర్” అని మరాఠీలో అవునన్నాను.

పెద్దసారు పొంగిపోయి మరాఠీ, హిందీ, ఉర్దూ తరగతుల టీచర్లను నా పాఠం చూడమని పంపాడు. వాళ్లు వెనక బెంచీలో కూర్చుని రాసుకున్నారు. నేను వాళ్ల ముందు చాక్‌పీసు చేతిలో పెట్టి “ఇది ఏడు” అని మొదలుపెట్టి, నాణేలు పేరుస్తూ “ఎనిమిది, తొమ్మిది, పది” అన్నాను. నా గొంతులో బాలమ్మ గొంతు వినపడుతుంటే పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. పిల్లలకు అన్నీ తెలుస్తాయి.

సాయంత్రం బల్ల దగ్గర నర్సింహ ఆమెతో చెప్తున్నాడు. “అవ్వా, మా బాయి గుడ నీ లెక్కనే చెప్తుంది!”

“మంచిదే గద బిడ్డా” అంది బాలమ్మ, సీసా తుడుచుకుంటూ.

ఆమె నన్ను తిట్టినా బాగుండేది. ఆ మంచిదే అన్న మాట విన్నాక నాకు ఆమెను చూస్తేనే చిరాకు పుట్టేది. దొంగిలించిన వస్తువు ఒంటి మీద వేసుకుని రోజూ దాని సొంతదారు ముందు నుంచి నడవాలంటే ఎంత కష్టమో నడిచినవాళ్లకే తెలుస్తుంది.

రేణుకకు తక్కువైన రూపాయి

తర్వాత రెండు నెలలకు నాకు అవకాశం దొరికింది. అవకాశం అనే అంటాను, ఎందుకంటే దానికోసమే చూస్తున్నాను.

రేణుక అమ్మ ఇళ్లల్లో పని చేస్తుంది. ఒక శనివారం పొద్దున బడికి వచ్చి, పిల్లకు పది రూపాయలిచ్చి పెన్సిలు, రబ్బరు తెచ్చుకోమంటే రెండు రూపాయలే తిరిగి తెచ్చిందని, మిగతా రూపాయి ఏం చేశావంటే అవ్వ ఇవ్వలేదంటోందని చెప్పింది. పెన్సిలు ఐదు, రబ్బరు రెండు. మూడు రూపాయలు రావాలి.

“అవ్వ నీకెంత ఇచ్చింది?” అని రేణుకను అడిగాను.

“దోన్ రూపాయలు, బాయి.”

“మూడు కదా రావాలి?”

పిల్ల తల వంచుకుంది. నేను ఇంకేమీ అడగలేదు. అడగాల్సింది. పిల్లతో లెక్క చేయించాల్సింది, బాలమ్మ దగ్గరికి వెళ్లి కనుక్కోవాల్సింది. ఏమీ చేయలేదు. నా ఒంట్లో ఏదో హాయి పాకింది. ఆ రోజు మధ్యాహ్నం తల్లుల సమావేశంలో నిలబడి, “మన పిల్లల అమాయకత్వం చూసి మెట్ల కింద చిల్లర కొట్టేస్తున్నారు, జాగ్రత్త” అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు.

ఇంకో ఇద్దరు తల్లులు లేచి, తమ పిల్లలకూ ఒకసారి తక్కువ వచ్చిందన్నారు. మాట చాల్ అంతా పాకింది. చాల్ కమిటీ పెద్ద పోచయ్య నా దగ్గరికి వచ్చి, “బాయి, నిజమేనా?” అని అడిగాడు. “పిల్లలే చెప్తున్నారు కదా” అన్నాను. మూడో రోజుకు ఆమె బల్ల ఎత్తేయమన్నారు. మెట్ల కింద స్థలం చాల్‌ది, ఆమెకు కాగితం ఏమీ లేదు. ఆ బల్ల మీదే ఆమె తిండి, కూతురితో కలిసి ఉండే గది కిరాయి నడిచేవి.

నేను మొదటి అంతస్తు గ్యాలరీలో నిలబడి చూశాను. బాలమ్మ సీసాలు ఒక్కొక్కటే బుట్టలో పెట్టుకుంటోంది. తలెత్తి నన్ను చూసింది.

“నువ్వు బాయివి. నీ మాటనే నడుస్తది” అంది. కోపంగా అనలేదు. బుట్ట నెత్తిన పెట్టుకుని, పాడైన మోకాలితో రెండో అంతస్తుకు ఎక్కింది.

మూటలు

మర్నాడు, మంగళవారం, మూడో పీరియడ్‌లో ఆమె నా తరగతి గుమ్మంలో నిలబడింది. చంకలో ఒక పాత బిస్కెట్ల రేకు డబ్బా. పెద్దసారును అడిగే వచ్చానంది.

“పోరల పైసలున్నయి బాయి. ఇచ్చి పోత.”

డబ్బా మూత తీసింది. లోపల చిన్న చిన్న గుడ్డ మూటలు, ముప్పై దాకా ఉంటాయి. పువ్వుల గుడ్డ, చారల గుడ్డ, బడి యూనిఫాం నీలం గుడ్డ. ఒక్కో పిల్లకు ఒక్కో గుడ్డ. ఆమెకు పేర్లు రాయడం రాదు కాబట్టి గుడ్డలే పేర్లు. పిల్లలందరికీ ఎవరి గుడ్డ ఏదో తెలుసు. నాకు ఒక్కదానికే తెలియదు.

సంగతి ఇది. పిల్ల చిల్లర తప్పు చెప్తే, తక్కువ చెప్తే, బాలమ్మ వాళ్లు చెప్పినంతే ఇచ్చేది. మిగిలింది ఆ పిల్ల మూటలో కట్టేది. పిల్ల ఇంటికి పోయి, మళ్లీ లెక్క చేసుకుని, తిరిగి వచ్చి సరైన మొత్తం చెప్తే మూట విప్పి ఇచ్చేది. చెప్పకపోతే అది అలాగే ఉండేది. ఒక్క రూపాయి కూడా సొంతానికి ముట్టుకోలేదు.

రేణుకను పిలిచింది. పసుపు గుడ్డ మూట చేతికిచ్చింది.

“ఏడు రూపాయల సామాను. పదిచ్చినవ్. నాకేం చెప్పినవ్ బిడ్డా?”

“రెండు అని చెప్పిన. ఎనిమిది, తొమ్మిది అని ఎంచిన.”

“మరి పది ఎవరెంచుతరు?”

రేణుక ఒక్కసారి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. “పది నేను ఎంచలే! మూడు. ఒక్క రూపాయి ఉన్నది నాది!” మూట విప్పింది. ఒక్క రూపాయి. తరగతంతా అరుపులు.

ఒక్కో పిల్లను పిలిచి, ఒక్కో లెక్క అడిగి, ఒక్కో మూట ఇచ్చింది. ఎవరు ఏ సరుకుకు ఎంతిచ్చారో, ఏం తప్పు చెప్పారో అన్నీ ఆమెకు గుర్తున్నాయి. చివర నర్సింహ అడిగాడు.

“అవ్వా, నీకు సరైన లెక్క ఎరుకే గద. మరి ముందుగాల్నే ఎందుకియ్యవ్?”

బాలమ్మ ఖాళీ డబ్బాకు మూత పెట్టింది. తర్వాత అంది. “నేను కూలికి వచ్చినప్పుడు వారానికోసారి మేస్త్రి పైసలు పంచేది. ఎన్ని దినాలు చేసినవ్, ఎంతొస్తది, చెప్పు అనేటోడు. నాకు లెక్క రాకపోయేది. తక్కువ చెప్తే తక్కువనే ఇచ్చేటోడు. మిగిలింది ఎవ్వలూ నాకు మూట గట్టి పెట్టలే. అందుకే మీరు నా కాడ తప్పు చెప్పాలె, బయట చెప్పొద్దు.”

నేను బల్ల పక్కన నిలబడి ఉన్నాను. అక్కడ సిగ్గుతో చచ్చిపోవాలి నేను. సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది మళ్లీ అసూయే. ముప్పై మంది పిల్లలు ఊపిరి బిగబట్టి ఆమె ముఖం చూస్తున్నారు. నా ముఖం వాళ్లు ఏ రోజూ అలా చూడలేదు. నా తరగతిలో, నా బోర్డు ముందు, ముప్పై ఒక్క ఏళ్లలో జరిగిన అన్నింటికన్నా మంచి పాఠం అది, దాన్ని చెప్పింది నేను కాదు. ఇలా ఎందుకు రాస్తున్నానంటే, మీకూ ఇలాంటి రోజు వస్తుంది. అప్పుడు మీ ఒంట్లో ఏది ముందు లేస్తుందో గమనించుకోండి.

పదకొండు రోజులు

మర్నాడే కమిటీకి వెళ్లి నాది తప్పని చెప్పాలి. వెళ్లలేదు. చెప్తే తనిఖీ సారు మెచ్చుకున్న లెక్క సంగతీ బయటపడుతుందని భయం. జ్వరం అన్నాను, పరీక్షలు అన్నాను. పదకొండు రోజులు గడిపేశాను. రోజూ మెట్ల కింద ఖాళీ చోటు వైపు చూడకుండా దాటి పోయేదాన్ని.

పన్నెండో రోజు, ఆదివారం, వెళ్లి పోచయ్యతో చెప్పాను. “ఆమె ఎవరినీ మోసం చెయ్యలేదు. నేనే కనుక్కోకుండా మాట్లాడిన. బల్ల మళ్లీ పెట్టుకోనియ్యండి.”

పోచయ్య తల గోక్కున్నాడు. “ఇన్ని దినాలు ఏం చేసినవ్ బాయి? ఆడ మా బామ్మర్ది కూల్‌డ్రింకుల ఫ్రిజ్ పెట్టుకుంటున్నడు. మొన్ననే అడ్వాన్స్ తీసుకున్నం. ఇప్పుడేం జేస్తం?”

పది రోజులు ముందు వెళ్లి ఉంటే ఆ చోటు ఆమెది. ఇది నా ఉద్యోగంలో చేసిన అతి పెద్ద తప్పు. సర్వీసు పుస్తకంలో ఎక్కడా ఉండదు. తర్వాతి తల్లుల సమావేశంలో బాలమ్మ మోసం చేయలేదని గట్టిగా చెప్పాను. లెక్క పద్ధతి ఆమెదని మాత్రం అప్పుడూ చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

బాలమ్మ కొన్ని నెలలు ఫోరస్ రోడ్‌లో ఒక మూల బుట్ట పెట్టుకుంది. ఎండకు, మున్సిపాలిటీ బండికి తట్టుకోలేక తిరిగొచ్చింది. రెండో అంతస్తులో, తన ఒంటి గది ఖోలీ ముందు గ్యాలరీలోనే బల్ల వేసుకుంది. పెద్దవాళ్లు అంత పైకి ఎక్కరు. రాబడి సగానికి పడిపోయింది. పిల్లలు మాత్రం ఎక్కుతారు. మొదటి అంతస్తులో నా గుమ్మం ముందు నుంచే, ధడ్ ధడ్ మంటూ ఎక్కుతారు. ఆ చప్పుడు నాకు ఆమె వేసిన శిక్ష కాదని తెలుసు. అయినా శిక్షలాగే వినేదాన్ని.

ఫోన్ల కాలం

ఇప్పుడు నేను ఇంట్లో పది మంది పిల్లలకు ట్యూషన్ చెప్తున్నాను. కాలం మారింది. మొన్న ఒక పిల్లను, “మీ నాన్న కూరగాయలు ఎట్ల కొంటాడు?” అంటే, “ఫోన్ చూపిస్తడు, డబ్బాలోంచి ఆవాజ్ వస్తది, సంచి ఇస్తరు” అంది. “డబ్బులు ఎక్కడివి?” అంటే “ఆవాజ్‌లోంచి” అంది. ఆ పిల్ల తండ్రి రోజంతా ఎండలో సిమెంటు కలిపితే వచ్చిన కూలి అది. అతని చేతి నుంచి ఎప్పుడు వెళ్లిపోయిందో పిల్లకు కనబడనే లేదు.

కొత్త టీచర్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటే. పిల్లలకు ముందు నాణెం చేతిలో పెట్టండి. దాని బరువు తెలియనివ్వండి. చేతి నుంచి పోవడం తెలియనివ్వండి. ఫోను తర్వాత నేర్చుకుంటారు, మనకంటే బాగా నేర్చుకుంటారు. ఇది కూడా బాలమ్మ చేసి చూపించిందే. ఆమె మనవరాలు బల్లకు ఫోనుతో పైసలు కట్టే గీతల కాగితం అంటించింది. పిల్లలు రాగానే బాలమ్మ దాని మీద గుడ్డ కప్పేస్తుంది. “పిల్లలకు ఫోను నడ్వది. పైసలు తెస్తేనే గోళీ” అంటుంది.

నా గుడ్డ

ఆ కొత్త టీచరమ్మ వెళ్లిన మర్నాడు పై అంతస్తుకు ఎక్కాను. ఇన్నేళ్లలో పైనున్న ఆమె బల్ల దగ్గరికి నేనుగా వెళ్లడం అదే మొదటిసారి. ముసలిదైపోయింది. నేనూ అయ్యాను. ఇద్దరు పిల్లలు మెట్ల మీద కూర్చుని గోళీలు చప్పరిస్తున్నారు.

“చిక్కీ ఇయ్యి అక్కా” అన్నాను. ఎన్నడూ అక్కా అనలేదు. ఇరవై ఇచ్చాను. చిక్కీ పదిహేను.

“నేనెంత ఇయ్యాలె బాయి?” అంది.

“ఐదు” అన్నాను. నా అరచేతిలో చిక్కీ పెట్టి, “పదిహేను” అని, ఐదు నాణెం దాని మీద పెట్టి, “ఇరవై” అంది.

“అక్కా, నీ లెక్క నాదని చెప్పుకున్న. అప్పుడు చెప్పుకున్న, నిన్న గుడ చెప్పుకున్న.”

“తెలుసు. పోరలు అప్పుడే చెప్పిండ్రు” అంది. మోకాలు పట్టుకుని లేచి, ఖోలీలోకి వెళ్లింది. తిరిగి వచ్చి ఒక మూట నా ముందు పెట్టింది. సుద్ద పొడితో తెల్లబడిన గుడ్డ. మా బడిలో బోర్డు తుడిచే డస్టరు గుడ్డ ముక్క.

“ఇది నీది. డబ్బా పట్టుకుని బడికి వచ్చిన దినం దీన్ని తీసి ఇంట్ల పెట్టిన. పోరల ముంగట నీకు ఇయ్యబుద్ధి కాలే” అంది. “ఎంతనో చెప్పు, ఇస్త.”

ఉంచుకో అని నేను విసిరేసి పోయిన చిల్లర. ఒక్కో రోజూ వెనక్కి తిరగేసుకున్నాను. చివరికి ఆ మొదటి రోజు గుర్తొచ్చింది. ఇరవై నోటు, పద్నాలుగు రూపాయల సరుకు. “ఆరు” అన్నాను.

ఆమె మూట విప్పి, ఆరు రూపాయలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టి, మళ్లీ ముడేసింది. ముడేసిన మూట ఇంకా నిండుగానే ఉంది.

“ఇంకా ఉన్నదా?” అన్నాను.

“నువ్వే చెప్పాలె గద” అంది.

మెట్లు దిగుతుంటే, అక్కడ కూర్చున్న ఆ ఇద్దరు పిల్లల్ని చూసి కూడా నాకు కుళ్లు పుట్టింది. ఆరేడేళ్లకే ఆమె డబ్బాలో వాళ్లకొక గుడ్డ ఉంది, తప్పు చెప్పి మళ్లీ పోయి దిద్దుకునే వీలుంది. నాకు అరవై దాటాక దొరికింది.

ఇప్పటికి ఐదుసార్లు వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు గుర్తు తెచ్చుకుని చెప్తున్నాను. రబ్బర్లు కొన్న రోజు నాలుగు, మా ఆయనకు అగ్గిపెట్టె కొన్న రోజు తొమ్మిది. చెప్పినంత ఇచ్చి మళ్లీ ముడేస్తోంది. ఎన్నిసార్లు ఉంచుకోమన్నానో నాకు గుర్తు లేదు, ఆమెకు ఉంది. రేపు పొద్దున మళ్లీ ఎక్కుతాను. ఈసారి ఆ కొత్త టీచరమ్మను కూడా వెంట తీసుకెళ్తాను.